ఎడమ ఐదు, కుడి సున్నా

నవంబరు 29, శనివారం. ఉదయం ఆరూ నలభై. రాజమండ్రి, రేవు. గాలి లేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి.

హాజరు: నేను. మా ఆవిడ, మెట్ల మీద, ఫ్లాస్కుతో, తువ్వాలుతో. సరంగు, తన కయాకులో. నా స్నేహితుడు, రిటైర్డు హెడ్మాస్టరు, మా ఆవిడకి రెండు మెట్లు పైన, పేపరు చదువుతూ.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఎక్కడికి వెళ్ళినా హాజరు రాసుకోవడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. ముప్పై నాలుగేళ్ళు కాలవల శాఖలో పనిచేశాను. అందులో సగం భీమవరం అవతల, కాలవకి తలుపులుండే ఒక లాకు మీదే గడిచింది. పొద్దున్న ఆరింటికి గేజీ రాయి మీద నీటి మట్టం చూసి రిజిస్టరులో ఎక్కించడం నా మొదటి పని. కాఫీ ఆ తరవాతే. పదవీ విరమణ అయ్యాక చూడడానికి గేజీ లేదు కాబట్టి నన్ను నేనే చూసుకుని రాసుకోవడం మొదలుపెట్టాను. నిద్ర లేచిన వేళ, బీపీ, నడిచిన దూరం, ఎవరు వచ్చారు, ఏమన్నారు.

ఆ రిజిస్టరుకి ఒక నియమం ఉండేది. తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు. బ్లేడుతో గీకకూడదు. తప్పు అంకె కనపడుతూ ఉండేలా ఎర్ర సిరాతో అడ్డంగా ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, దాని కింద పొట్టి సంతకం చేయాలి. పొట్టి సంతకమంటే పేరులోని మొదటి అక్షరాలు, అంతే. మా అమ్మాయి పుట్టిన వారంలో ఒక రోజు నేను లాకు దగ్గరికి వెళ్ళకుండా, ఇంట్లో కూర్చునే, నిన్నటి మట్టమే ఇవాళా వేసేశాను. ఏడింటికి జీపులో ఇంజినీరుగారు దిగారు. రిజిస్టరు చూసి, నన్ను గేజీ రాయి దగ్గరికి తీసుకెళ్ళారు. ఎగువన తలుపులు దించినట్టున్నారు, నీళ్ళు జానెడు కిందకి దిగి ఉన్నాయి. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి నా చేతికిచ్చారు. ఆ గీత నేనే కొట్టి సంతకం చేశాను. ఆ తరవాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చూడని మట్టం రాయలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానో ముందుకి వెళితే తెలుస్తుంది.

రెండేళ్ళ కిందట నా తలలో, వెనక భాగాన, ఎడమ పక్క, ఉసిరికాయంత కణితి ఉందని తేలింది. విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. తరవాత ఆరు వారాలకి పైగా రేడియేషను ఇచ్చారు. తల కదలకుండా ముఖానికి అచ్చంగా సరిపోయేలా ఒక జల్లెడ ముసుగు తయారుచేసి, దాన్ని బల్లకి బిగించేవారు. మరలు బిగిసే చప్పుడు చెవి పక్కనే వినపడేది. రెప్ప వేస్తే వెంట్రుకలు ముసుగుకి తగిలేవి. ప్రార్థన చేద్దామనుకునేవాణ్ణి. మాటలు వచ్చేవి కావు. ఒకటి నుంచి లెక్కపెట్టుకునేవాణ్ణి.

కణితి పోయింది. దాంతోపాటు నిలకడా పోయింది. నడుస్తూ నడుస్తూ ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు ఎడమ పక్కకి తూలేవాణ్ణి. మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఒకసారి అలాగే తూలి కరెంటు స్తంభం పట్టుకుంటే, బెంచీ మీద కూర్చున్నతను పక్కవాడితో, “పెద్దాయన పొద్దున్నే మొదలెట్టేశాడు,” అన్నాడు. నేను లూథరన్ సంఘంలో పెద్దని. కల్లు రుచి కూడా ఎరగను. అయినా ఆ మాటకి జవాబు చెప్పాలంటే ఆగి, తిన్నగా నిలబడి చెప్పాలి. అది చేతకాక ఇంటికి వచ్చేశాను.

మా ఆవిడ అప్పటినుంచి నా ఎడమ పక్కన నడవడం మొదలుపెట్టింది. తన కుడి చేత్తో నా ఎడమ మోచేయి పట్టుకునేది. ఒకరోజు సంతలో, ఉల్లిపాయల గోనెల మధ్య, ఆమె మీదకే పడ్డాను. నా బరువంతా ఆమె కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. నలభై రోజులు కట్టు. కట్టు విప్పిన మర్నాడు మళ్ళీ ఎడమ పక్కకే వచ్చి నిలబడింది. ఆ చేత్తోనే పట్టుకుంది. ఇప్పటికీ ఆ చేత్తో నిండు బిందె ఎత్తలేదు.

ఆసుపత్రి నుంచి పంపించే ముందు డాక్టరుగారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. “ఎడమకి తూలడం పాత గాయం తాలూకు. అది నెమ్మదిగా తగ్గుతుంది. కానీ కుడికి తూలడం మొదలైతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. వెంటనే ఫోను చేయండి.” ఆ మాట నేనే డైరీ అట్ట లోపలి వైపు రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

అప్పటినుంచి డైరీలో కొత్త గడి ఒకటి చేరింది. ఎడమకి తూలితే “ఎ”, కుడికి తూలితే “కు”, పక్కన వేళ. ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి వ్యాయామాలు చెప్పే ఫిజియో అమ్మాయి ఫోను చేస్తుంది. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ వారం లెక్క చదువుతుంది. “ఎడమ పదకొండు, కుడి సున్నా.” “ఎడమ తొమ్మిది, కుడి సున్నా.” మొదట్లో దినఫలాలు చదివినట్టు భయంభయంగా చదివేది. పోనుపోను ఆ “కుడి సున్నా” అనే మాటలో ఒక ధీమా వచ్చింది.

నీళ్ళ సంగతి ఆ అమ్మాయే ఎత్తింది. కదిలే వస్తువు మీద కూర్చుని నిలదొక్కుకుంటూ ఉంటే, మెదడు మిగిలిన దారులు వెతుక్కుంటుందట. డాక్టరుగారు ఒప్పుకున్నారు. లైఫ్ జాకెట్ ఉండాలి, ఒంటరిగా దిగకూడదు, అన్నారు. మా హెడ్మాస్టరు నన్ను రేవుకి తీసుకెళ్ళి సరంగుకి చూపించాడు.

అతను గోదావరి మధ్య లంకలో పుట్టినవాడు. నలభై దాటాయి. చాలా కాలం లాంచీ నడిపాడు, అందుకే అందరూ సరంగు అనే పిలుస్తారు. ఇప్పుడు కూర్చుని తెడ్డు వేసే కయాకులు నాలుగు, నిలబడి తెడ్డు వేసే పలకలు రెండు పెట్టుకుని పొద్దుటిపూట నేర్పుతాడు. మొదటి రోజు నన్ను పైనుంచి కిందకి చూసి, “బాబుగారికి ఈత వచ్చాండీ?” అన్నాడు.

“లాకు మీద పదిహేడేళ్ళు ఉన్నాను. రాకపోతే ఎలా?”

“ఆయ్. అయితే పడ్డానికి భయం లేదన్నమాట. ఇంకేటండి, సగం పని అయిపోయింది.”

తాటి దోనెలో పెరిగిన మనిషి అతను. తాటి మొద్దుని తొలిచి చేసిన ఆ దోనెలో గట్టిగా తుమ్మినా బోల్తా పడుతుంది. కయాకుని అతను ప్లాస్టిక్కు దోనె అంటాడు, కొంచెం చులకనగా. అతను నేర్పింది ఒక్కటే పాఠం. “నీళ్ళు చూడకండి బాబుగారూ. నీళ్ళు చూస్తే నీళ్ళల్లోకే ఎల్తారు. అవతల గట్టు మీద ఆ జంట కొబ్బరిచెట్లు చూడండి. నడుం దాని పని అది చేసుకుంటాది.” నేను పలక మీద ఉన్నంతసేపూ తన కయాకు నా ఎడమ పక్కనే, చేయి చాస్తే అందేంత దూరంలో ఉంచేవాడు.

ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. వరదలప్పుడు మూడు నెలలు మానేశాం. అక్టోబరులో నీళ్ళు తేరుకున్నాక మళ్ళీ దిగాను. అక్టోబరు ఆఖరికి పలక మీద మోకాళ్ళ నుంచి లేచి నిలబడగలిగాను. పద్నాలుగు సెకన్లు. నేల మీద నేనొక్కణ్ణే తూలేవాణ్ణి, అందరూ చూసేవారు. అక్కడ సరంగు ఊగుతాడు, పడవలు ఊగుతాయి, రేవుకి కట్టిన, బళ్ళని దాటించే పంటు కూడా ఊగుతుంది. ఆ నెలలో సంఘంలో వాక్యం చదివే వంతు మళ్ళీ తీసుకున్నాను. బల్ల పట్టుకోకుండా నిలబడి చదివాను. ఇంటికి వచ్చాక మా ఆవిడ నన్ను అనుకరిస్తూ, రెండు చేతులూ చాచి, పళ్ళెం మీద నిలబడ్డ కోడిలా వంటింట్లో నడిచి చూపించి నవ్వింది. ఆమె అలా నవ్వి రెండేళ్ళయింది. అదీ రాశాను.

నవంబరు 15న, స్నానం చేసి గడప దాటుతూ తూలాను. నా కుడి భుజం తలుపు చెక్కకి కొట్టుకుంది.

తడి నేల, అనుకున్నాను. ముందు అదే అనుకున్నాను. బట్టలు వేసుకుని బల్ల దగ్గర కూర్చుని డైరీ తెరిచి, వేళ వేసి, “ఎ” అని రాశాను.

పొరపాటున రాశానని చెప్పుకోవడానికి వీల్లేదు. పెన్ను కాయితం మీద పెట్టే ముందు నాకు తెలుసు. చెవి పక్కన మరలు బిగుస్తున్న చప్పుడు వినపడింది. పది దాకా లెక్కపెట్టుకున్నాను. తడి నేల మీద జారినది తూలడం కిందకి రాదు కదా అని ఒక సాకు దొరికింది. రాదనుకుంటే అసలు రాయకూడదు. రాశాను, అదీ ఎడమ అని. ఆ సాయంత్రం మా ఆవిడ ఎప్పటిలాగే చదివింది.

తరవాతి వారం రెండుసార్లు కుడికి తూలాను. ఆ పై వారం నాలుగుసార్లు. ఆ ఏడుసార్లూ “ఎ” అనే రాశాను. మొత్తం మీద తూలడం పెరగకుండా ఉన్నట్టు కనపడేలా, నిజంగా ఎడమకి తూలినవి రెండు మూడు ఎగ్గొట్టాను కూడా. నవంబరు 22న ఆమె “ఎడమ ఐదు, కుడి సున్నా” అని చదువుతుంటే నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఫిజియో అమ్మాయి, “అంకుల్ బాగా మెరుగయ్యారమ్మా,” అంది. మా ఆవిడ నా వైపు చూసి కళ్ళెగరేసింది. చిక్కుడు ఈనె తీస్తూ తల వంచుకున్నాను.

ఆ వారం డైరీలో ఇంకొక వాక్యం ఉంది. “సరంగు ఇవాళ కయాకు నా కుడి పక్కకి తెచ్చాడు. ఎందుకో అడగలేదు.”

29వ తేదీకి వస్తాను. ఆ రోజు పలక మీద నిలబడి, ఇసక మేట పక్కన పాతిన వెదురు గడ దాకా వెళ్ళి రావాలని అనుకున్నాం. రేవు నుంచి వంద గజాలుంటుంది. హెడ్మాస్టరు పేపరు మడిచి పక్కన పెట్టాడు. మా ఆవిడ ఫ్లాస్కు మూత బిగించి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

ఇరవై గజాలు వెళ్ళేసరికి పడ్డాను. చల్లటి నీళ్ళు ముక్కులోకి పోయాయి. లైఫ్ జాకెట్ పైకి తేల్చింది. సరంగు పలక పట్టుకున్నాడు, ఎక్కాను. వెదురు గడ ఇంకా సగం దూరం ఉందనగా రెండోసారి. గడకి పది గజాల దూరంలో మూడోసారి. మూడోసారి పలక ఎక్కడానికి ఓపిక లేక అతని కయాకు అంచు పట్టుకుని నీళ్ళలోనే ఉండిపోయాను. రైలు వంతెన మీద గూడ్సు వెళుతోంది. అది దాటేదాకా సరంగు ఆగాడు.

“బాబుగారు ఎడమ మనిషి కదండీ,” అన్నాడు.

“ఊఁ.”

“ఈ మూడూ కుడికే పడ్డారు.”

“గాలి తోసింది.”

“ఏ గాలండీ? ఆ పంటు మీద జెండా చూడండి, సచ్చిన సేపలా ఏలాడతంది.”

“ఇసక పడవ వెళ్ళింది కదయ్యా ఇందాక. ఆ అల.”

అతను తెడ్డు అడ్డంగా ఒళ్ళో పెట్టుకున్నాడు. “కిందటి శనివారం రెండు సార్లు పడ్డారు. రెండూ కుడికే. అంతకు ముందు వారం నిలబడ్డప్పుడే బరువంతా కుడి పాదం మీదకి పోతుండేది. నేను ఈ పక్కకి వచ్చేసింది అందుకేనండి. డాక్టరుగారు ఏం చెప్పేరో అమ్మగారు నాకు మొదటి రోజే చెప్పేరు. ఆవిడకి తెలుసా?”

నేను రేవు మెట్ల వైపు చూశాను.

“మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?”

“నేనే చెబుతాను.”

“ఎప్పుడండీ?”

“ఇవాళే.”

“ఇవాళంటే గట్టెక్కే లోపలా, ఎక్కాకా?”

“గట్టెక్కగానే.”

“ఆయ్. సెప్పేదాకా పలక ఇవ్వనండి. ఏమీ అనుకోకండి.” నన్ను కయాకు అంచుకే పట్టుకోమని, పలక తాడుకి కట్టి, నెమ్మదిగా రేవు వైపు లాగాడు.

గట్టెక్కగానే చెప్పాలనే అనుకున్నాను. మెట్లు ఎక్కుతుండగా హెడ్మాస్టరు అందుకున్నాడు.

“ఏంటండీ లాకుగారూ, మూడు మునకలేశారు? కార్తీక స్నానాలు అయిపోయి వారం దాటింది. అయినా మీ సంఘంలో బాప్తిస్మానికి నీళ్ళు చిలకరిస్తారు కదా, ఈ ముంచడం ఏంటి? బాప్టిస్టుల్లో కలిసిపోయారా?”

మా ఆవిడ పుట్టిల్లు బాప్టిస్టు. తువ్వాలు నా భుజం మీద వేస్తూ వెంటనే అంది, “మా వాళ్ళు ఒక్కసారే ముంచుతారు మాస్టారూ. ఈయనకి ఒకసారికి పాపాలు పోయినట్టు లేవు.”

ఇద్దరూ నవ్వారు. ఆమె నా తల తుడుస్తోంది, ఆపరేషను మచ్చ దగ్గర మెల్లగా. ఆ నవ్వు మధ్యలో ఎలా చెప్పను అనుకున్నాను. సరంగు కింద మెట్టు మీద నిలబడి తాడు చుడుతున్నాడు. చుట్టిన తాడు విప్పి మళ్ళీ చుట్టాడు. నేను కాఫీ తాగాను. ఆటో ఎక్కాం.

ఇంటికి వెళ్ళాక చెబుదామనుకున్నాను. ఆమె వంటకి లేచింది. భోజనాలయ్యాక చెబుదామనుకున్నాను. భోజనాలయ్యాయి, ఆమె నడుం వాల్చింది. నాలుగింటికి నా బల్ల సొరుగులోంచి ఎర్ర పెన్ను తీశాను. చర్చి లెక్కలకి వాడేది. డైరీలో నవంబరు 15 తెరిచాను. “ఎ” మీద ఒక్క గీత, పక్కన “కు”, కింద పొట్టి సంతకం. తరవాత మిగతా ఆరూ. ఎగ్గొట్టినవి కూడా గుర్తున్నంతవరకూ గడి బయట రాసి సంతకం పెట్టాను. నా రాత ఇప్పుడు కుదురుగా ఉండదు, లైను కిందకి జారుతుంది. ముప్పావు గంట పట్టింది.

అది పూర్తయ్యాక నాకు తేలిగ్గా అనిపించింది. సిగ్గుపడుతూ రాస్తున్నాను, నిజంగా తేలిగ్గా అనిపించింది. తప్పు దిద్దేశాను, ఎక్కడా దాచలేదు, సంతకంతో సహా ఉంది. ఇంక చేయాల్సిన పని ఏమీ మిగల్లేదనుకున్నాను. డైరీ రోజూ ఉండే చోట, భోజనాల బల్ల మీద పెట్టి, వరండాలోకి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోశాను.

ఆరింటికి ఫోను మోగింది. మా ఆవిడ స్పీకరులో పెట్టింది. కళ్ళజోడు తుడుచుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

“చెప్పండమ్మా, ఈ వారం?”

“ఎడమ...” అని ఆగిపోయింది. వేలు గడి మీద ఉంది. “ఒక్క నిమిషం అమ్మా.” వేలు ఒక్కొక్క ఎర్ర గీత దగ్గరా ఆగుతూ కిందకి వెళ్ళింది. పైకి వచ్చి మళ్ళీ వెళ్ళింది. “ఎడమ ఒకటి,” అంది. “కుడి నాలుగు.”

“కుడి నాలుగా అమ్మా? ఎప్పుడూ కుడి సున్నా కదా?”

“నాలుగు.” పేజీ వెనక్కి తిప్పింది. “కిందటి వారం కుడి రెండు. అంతకు ముందు వారం ఒకటి. నేనే మీకు తప్పు చదివానమ్మా.”

నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూడకుండా అరచేయి ఎత్తింది, ఆగమన్నట్టు.

ఫిజియో అమ్మాయి అప్పటికప్పుడు డాక్టరుగారితో మాట్లాడి పావుగంటలో మళ్ళీ చేసింది. తలనొప్పి ఉందా, పొద్దున్నపూట వాంతులున్నాయా అని అడిగింది. లేవు. అయితే సోమవారం పొద్దున్న స్కాన్, ఆదివారం సాయంత్రానికే విశాఖ చేరండి, ఈలోగా ఏ ఒక్కటి కనపడినా అర్ధరాత్రయినా బయలుదేరండి, ఆయన్ని ఒంటరిగా వదలకండి, నీళ్ళ దగ్గరికి అసలు పంపకండి, అంది. మా ఆవిడ అన్నిటికీ “అలాగేనమ్మా” అంది. ఫోను పెట్టేశాక కళ్ళజోడు తీసి డైరీ మీద పెట్టింది.

“ఇంకెవరికి తెలుసు?”

“సరంగుకి.”

“ఎప్పటినుంచి?”

“నాకు పొద్దున్న చెప్పాడు. అతనికి రెండు వారాల నుంచి తెలుసు.”

“చెప్పమనలేదా మీకు?”

“అన్నాడు. చెబుదామనే...”

“నోటితో చెప్పడానికి ఏం వచ్చిందండీ?” గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది. “ఆ పిల్లతో మాట్లాడుతూ మధ్యలో తెలుసుకోవాలా నేను? ఎర్ర గీతలు కొట్టి, సంతకాలు పెట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళడానికి నేనేమైనా మీ ఇంజినీరునా, ఇన్స్పెక్షనుకి వచ్చానా?”

“ఆ ముసుగు,” అన్నాను. “మళ్ళీ బిగిస్తారేమోనని.”

“తెలుసు.”

“చప్పుడు వినపడుతుంది. ఇప్పటికీ.”

“నాకూ వినపడేది,” అంది. “ఆ తలుపు బయట కుర్చీలో రోజూ కూర్చున్నది ఎవరనుకున్నారు? లోపల మీరు లెక్కపెట్టేవారటగా. బయట నేను ఏం చేసేదాన్నో మీరు ఎప్పుడైనా అడిగారా?”

అడగలేదు. రెండేళ్ళ డైరీలో ఎక్కడా లేదు. నేను ముసుగు వేసుకున్న రోజులన్నిటికీ వేళలున్నాయి. ఆమె పేజీలో ఎక్కడా లేదు, హాజరులో తప్ప.

ఏడింటికి సరంగు ఫోను చేశాడు. నేను అందుకునే లోపల ఆమె తీసింది. అతని గొంతు బయటికి వినపడింది. “బాబుగారు సెప్పేరా అమ్మగారూ?”

“చెప్పారండి. రాసి చెప్పారు,” అంది. కాసేపు అవతలి మాట విని, “మీరు పక్క మారినప్పుడే నాకొక మాట చెప్పాల్సింది,” అంది. మళ్ళీ విని, “అవునులెండి, ఆయనే చెబుతారనుకుని ఉంటారు. సోమవారం స్కాను. ఆ తరవాత చూద్దాం,” అని పెట్టేసింది. సామర్లకోటలో ఉన్న మా అమ్మాయికి తనే ఫోను చేసి చెప్పింది. అన్నం వడ్డించింది. నా మంచం పక్కన గోడ కుడివైపు ఉంటుంది. మంచం గోడకి జరిపి, మిగిలిన సందులో ఒక దిండు దోపింది.

మర్నాడు ఆదివారం. క్రిస్మసుకి ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిది. సాయంత్రం రైలుకి సంచీ సర్ది గుమ్మం దగ్గర పెట్టింది, పాత ఫిల్ములన్నీ వేసిన పెద్ద కవరుతో సహా. “ఆరాధనకి వెళదామా, పడుకుంటారా?” అని అడిగింది. వెళదామన్నాను. చర్చి మా ఇంటికి అర మైలు లోపే.

గేటుకి తాళం వేసింది. రెండు బైబిళ్ళు, పాటల పుస్తకం ఎప్పుడూ తన ఎడమ చేతిలో ఉంటాయి, కుడి చేయి నా మోచేతికి. నేను అలవాటుగా ఎడమ మోచేయి కొంచెం బయటికి పెట్టి నిలబడ్డాను. ఆమె నా వెనక నుంచి తిరిగి వచ్చి కుడి పక్కన నిలబడింది. పుస్తకాలు ఒకప్పుడు విరిగిన కుడి చేతిలోకి మార్చుకుంది. ఎడమ చేత్తో నన్ను పట్టుకుంది.

ఆ చేతికి నేను కొత్త. మోచేయి ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఒకసారి చొక్కా చేయి పట్టుకుంది, ఒకసారి మణికట్టు. నాలుగు గజాలు వెళ్ళేసరికి కుడి చేతిలోంచి పుస్తకాలు జారాయి. నేను వంగబోతే, “వంగకండి,” అని తనే వంగి తీసింది. “నాకివ్వు,” అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి మూడూ నా ఎడమ చేతిలో పెట్టింది.

టీ కొట్టు దగ్గర మలుపు తిరుగుతుండగా తూలాను. కుడికే. ఆమె భుజం నా భుజానికి అడ్డు పెట్టింది, రెండు పాదాలూ దూరంగా వేసి. పడలేదు. బెంచీ మీద ఎవరున్నారో నేను చూడలేదు, వీధి చివర చర్చి గంట స్తంభమే చూస్తూ నిలబడ్డాను. ఊపిరి కుదుటపడేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

“ఇంటికెళ్ళాక రాయండి,” అంది. “వేళ తొమ్మిదీ ఇరవై. కుడి, ఒకటి.”